నాయనమ్మ గురించి మీ అమ్మని అడిగారా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాయనమ్మ పోయిన ఏడాది, 2025 భాద్రపదంలో కాలం చేసింది. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకి పంచేలా ఆవిడ మీద చిన్న పుస్తకం వేద్దామన్నారు మా పెదనాన్న. ఇంట్లో తెలుగు తప్పుల్లేకుండా రాసేది నేనొక్కదాన్నేనని పని నా మీద పడింది. రెండు నెలలుగా కూర్చుంటున్నాను. ‘ప్రేమమూర్తి’, ‘సహనశీలి’, ‘అందరికీ తలలో నాలుక’ తప్ప ఇంకేం రావడం లేదు. నిజానికి నాయనమ్మకి సహనం తక్కువే!

వయసు దగ్గరే మొదటి గొడవ. పెద్దకర్మకి పెట్టిన ఫ్లెక్సీ మీద 95 ఏళ్ళని వేయించారు. ఆధార్ కార్డులో 01-01-1935 అని ఉంది. ఆవిడేమో ఎప్పుడడిగినా ‘శ్రీముఖలో, రథసప్తమి వెళ్ళిన మూడోనాడు పుట్టానే’ అనేది. రెండో గొడవ: దివిసీమ ఉప్పెనకి ముందు ఏడాది తాతయ్య పోయారు. బాబాయి, అత్త అప్పటికి బడిలో ఉన్నారు. నాయనమ్మ నాలుగైదేళ్ళు మిర్చి గోడౌన్లలో ముచ్చికలు (కాయల తొడిమలు) తీసే పనికి వెళ్ళిందట. అది రాస్తే పరువు పోతుందని బాబాయి పట్టు. అత్తేమో ‘అమ్మని దేవతలా రాయవే’ అంటుంది. ఇక మా అమ్మ. నాయనమ్మతో 38 ఏళ్ళు ఒకే ఇంట్లో ఉంది. ఇద్దరికీ పెద్దగా పడేది కాదు. చివరి మూడేళ్ళూ మంచంలో ఉంటే చూసింది మాత్రం అమ్మే. పుస్తకం మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతోంది.

నేను నాయనమ్మ చేతుల్లోనే పెరిగాను. చిన్నప్పుడు అన్నం తిన్నాక నా మూతి ఎప్పుడూ అరచేత్తో తుడిచేది కాదు, మణికట్టుతో తుడిచేది. ఇలాంటివి బోలెడు గుర్తున్నాయి గానీ, అవి పుస్తకంలో రాసే విషయాలా? ఆవిడ మాటలు సరిగ్గా రికార్డు చేసుకోలేదన్న బాధ ఒకటి. వాట్సాప్‌లో నలభై సెకన్ల వాయిస్ ఉంది, అంతే. ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

— బ్రాడీపేట మనవరాలు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది వయసు దగ్గరా కాదు, పరువు దగ్గరా కాదు. మణికట్టు దగ్గర.

నేను పుట్టి పెరిగింది బెజవాడ సత్యనారాయణపురంలోనే అయినా, మా పెద్దమ్మని ఇచ్చింది గుంటూరు పక్క పల్లెకి. సెలవులకి అక్కడికి వెళ్ళినప్పుడు ముచ్చికలు తీసే ఆడవాళ్ళని దగ్గరగా చూశాను. గోనెపట్టా పరుచుకుని కూర్చుంటారు. ముక్కూ నోరూ కలిపి కొంగు చుట్టుకుంటారు. ఎదురుగా ఎర్రగా కుప్ప. ఎడంచేత్తో కాయ అందుకోవడం, కుడిచేతి బొటనవేలి గోటితో ముచ్చిక తుంచడం, కాయ ఇటు, ముచ్చిక అటు. చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది. నేను పదేళ్ళ వయసులో సరదాకి పావుగంట కూర్చుని ఆ రాత్రంతా ఏడ్చాను. మిరప ఘాటు నీళ్ళతో కడిగితే పోదు, అది కరిగేది నూనెలో. అందుకే వాళ్ళు ఇంటికి రాగానే ముందు చేతులకి నూనె పట్టించి, ఆ తర్వాతే సబ్బు పెట్టేవాళ్ళు. అయినా వేలి సందుల్లో, గోళ్ళ కింద ఎంతో కొంత మిగిలేది. పొరపాటున కన్ను నులుముకుంటే ఇక ఆ పూట అయిపోయినట్టే. అందుకని పిల్లల మొహాలు అరచేత్తో ముట్టుకునేవాళ్ళు కాదు. మణికట్టుతో తుడిచేవాళ్ళు, లేదంటే కొంగు లోపలి అంచుతో.

మీ మూతి తుడిచేనాటికి మీ నాయనమ్మ ఆ పని మానేసి ఎన్నో ఏళ్ళయి ఉంటుంది. చేతులు మాత్రం మరిచిపోలేదేమో. ఇది నా ఊహే, నిజం కాకపోవచ్చు. దాన్ని తేల్చగలిగిన మనిషి మీ ఇంట్లోనే ఉంది, ఆవిడ దగ్గరికి తర్వాత వస్తాను. ఒకవేళ నిజమే అయితే, మీ బాబాయి దాచమంటున్నదీ, మీరు ‘ఇవి రాసే విషయాలా’ అని అడుగుతున్నదీ ఒకటే సంగతి. ఆయన దాన్ని గోడౌన్ గుమ్మం నుంచి చూశారు, మీరు అన్నం కంచం ముందు కూర్చుని చూశారు.

‘ప్రేమమూర్తి’, ‘సహనశీలి’ గురించి నా సొంత సిగ్గు ఒకటి చెబుతాను. మా అమ్మమ్మ పోయినప్పుడు నేను కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. ఇంకేం, రెండు పేజీలు దంచాను. ‘త్యాగానికి నిలువెత్తు రూపం’ అని మొదలు, ‘ఆమె లేని లోటు తీర్చలేనిది’ అని చివర. మా పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, కాయితం మడిచి నా చేతికిచ్చి, ‘బాగుందే. ఇంతకీ ఎవరి గురించి?’ అంది. నాకు మొహం మాడిపోయింది. ‘మా అమ్మ రోజూ పాలవాడితో పోట్లాడేది కదా, అదేదీ?’ అంది. నిజమే. అమ్మమ్మ పొద్దున్నే గుమ్మంలో నిలబడి బొటనవేలి గోటి మీద ఒక పాలచుక్క వేయించుకుని చూసేది. చుక్క జారిపోతే నీళ్ళు కలిసినట్టు, నిలిస్తే పాలు. నీళ్ళు కలిస్తే ఆ రోజు వీధంతా వినాల్సిందే. రెండు పేజీల త్యాగంలో ఆ చుక్క ఎక్కడా లేదు. మళ్ళీ రాద్దామంటే అచ్చు అయిపోయింది. ఇప్పటికీ ఆ కాయితం మా బీరువాలో ఉంది, తీసి చూడను.

కాబట్టి మీరు రాసుకున్నవాటిలో ఏ వాక్యంలో మీ నాయనమ్మని తీసేసి ఎదురింటి మామ్మగారిని పెట్టినా సరిపోతుందో, ఆ వాక్యం కొట్టేయండి. చాలా వరకు పోతాయి. కంగారు పడకండి.

మీకు రాయడం రాక కాదు ఈ ఇబ్బంది. మీరు రాయాలనుకుంటున్నది తొంభై ఏళ్ళు బతికిన మనిషి గురించి. మీకు తెలిసింది అందులో చివరి మూడోవంతు. మీరు కళ్ళు తెరిచేసరికే ఆవిడకి యాభై అయిదో ఎంతో. నెరిసిన జుట్టు, మడత మంచం, నోట్లో వక్కపలుకు... మీ నాయనమ్మ అంటే మీకు అదే. దానికి ముందున్న మనిషి వేరు. కొత్త కోడలు ఒకావిడ, నలుగురు పిల్లల తల్లి ఒకావిడ, నలభై రెండేళ్ళకే ఒంటరిదై గోనెపట్టా మీద కూర్చున్నావిడ ఒకావిడ. వాళ్ళెవరినీ మీరు చూడలేదు. చూడనివాళ్ళ గురించి రాయబోతే విశేషణాలే వస్తాయి మరి. ఇప్పుడు మీరు చేయాల్సింది రాయడం కాదు, ఇల్లిల్లూ తిరగడం.

ముందు వయసు గొడవ తేల్చేద్దాం, అది సులువు. ఆధార్‌ని నమ్మకండి. పుట్టిన తేదీ తెలియనివాళ్ళకి జనవరి 1 అని వేయడం మామూలే, ఆ తరం వాళ్ళలో సగం మంది ఒకే రోజు పుట్టినట్టుంటారు. జనన మరణాల నమోదుకి ఇప్పుడున్న చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు ఊరి మునసబు రాస్తే రాసినట్టు, లేకపోతే లేనట్టు. ఫ్లెక్సీని అసలు నమ్మకండి. పోయినవాళ్ళకి రెండు మూడేళ్ళు కలిపి చెప్పడం మనవాళ్ళకి గౌరవం కింద లెక్క. నమ్మాల్సింది ఆవిడ మాటని. శ్రీముఖ అంటే 1933 ఉగాది నుంచి 1934 ఉగాది దాకా. రథసప్తమి మాఘంలో వస్తుంది కాబట్టి 1934లోకి వచ్చేశాం. ఆ ఏడాది జనవరి 15న అమావాస్య. అక్కడి నుంచి లెక్కేసుకోండి, సప్తమి 22 ప్రాంతంలో, మూడోనాడంటే జనవరి ఆఖరు వారం. అంటే ఆవిడకి తొంభై ఒకటి నిండి తొంభై రెండో ఏడు నడుస్తోంది. తారీఖు కచ్చితంగా కావాలంటే పాత పంచాంగం ఉన్న సిద్ధాంతిగారినెవరినైనా అడిగితే ఐదు నిమిషాల్లో చెబుతారు. పెదనాన్నగారికి ఈ లెక్క కాయితం మీద వేసి చూపించండి. ‘మీరు తప్పు వేయించారు’ అనకండి. ‘నాయనమ్మ చెప్పిందే కరెక్టు అయింది’ అనండి. కొడుకులకి ఆ మాట నచ్చుతుంది.

పుట్టిన ఏడు తేలింది కాబట్టి మిగతా జీవితమంతా దానికి తగిలించుకుంటూ పోవచ్చు. ఒక్క జాగ్రత్త. పెద్దవాళ్ళని ‘అది ఏ సంవత్సరం?’ అని అడగకండి, తడుముకుంటారు, లేదంటే నోటికొచ్చింది చెబుతారు. ‘కృష్ణ ఆనకట్ట తెగినప్పటికి పెళ్ళయిందా?’ అని అడగండి. అది 1952, ఆవిడకి పద్దెనిమిది. ‘గుంటూరులో హైకోర్టు ఉన్నప్పుడు ఏ ఇంట్లో ఉండేవాళ్ళు?’ అనండి. 1954 జూలై నుంచి 1956లో హైదరాబాద్ వెళ్ళిపోయేదాకా హైకోర్టు మన గుంటూరులోనే నడిచింది. మీ పేటలో ప్లీడర్లకి ఇళ్ళు అద్దెకిచ్చిన కథలు ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటాయి. ‘బ్యారేజీ కట్టకముందు బెజవాడ దుర్గమ్మ దగ్గరికి ఎలా వెళ్ళేవాళ్ళు, రైల్లోనా, పడవలోనా?’ ప్రకాశం బ్యారేజీ మొదలైంది 1957 డిసెంబర్ 24న. అదే ఏడాది ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అప్పటికి ఆవిడకి ఇరవై మూడు. అంటే లెక్కలన్నీ అణాల్లో నేర్చుకున్న మనిషి. బేడంటే రెండణాలు, పావలా అంటే నాలుగణాలు. ముసలితనంలో కూడా కూరగాయల బేరం ‘పావలా’ లెక్కన ఆడేదా? ఆడే ఉంటుంది. మీకే గుర్తుండాలి.

ఆవిడ పుట్టిల్లు ఏ ఊరో మీరు రాయలేదు. నరసరావుపేట, సత్తెనపల్లి వైపు అయితే మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: రోజూ వరన్నం తినడం ఎప్పుడు మొదలైంది? 1967లో సాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. అంతకుముందు ఆ మెట్ట ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో జొన్నన్నమే, వరన్నమంటే పండగ. కుడికాలువ నీళ్ళు తిరిగాక పొలాలతో పాటు కంచాలూ మారాయి. ఇది చరిత్ర పుస్తకంలో కాలువ పొడవు, ఎకరాలు అని ఉంటుంది. మీ పెదనాన్న తరం నోట్లో రుచిలా ఉంటుంది. జొన్న సంగటి ముద్దలో గుంట చేసి ఏం పోసుకునేవాళ్ళో ఆయన్నే అడగండి, గంట చెబుతారు. మీరు ఆపాల్సి వస్తుంది.

ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలంటే, అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గరికి. నాయనమ్మ తోబుట్టువులెవరైనా ఉంటే రేపే వెళ్ళండి. వాళ్ళకి మీ సంవత్సరీకం తేదీతో పనిలేదు. మీకు మాత్రం ఈ ఏడు కాస్త కలిసొచ్చింది. జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది కాబట్టి తిథి ఇంగ్లీషు తేదీల్లో మూడు వారాల దాకా ఆలస్యంగా పడుతుంది. ప్రింటింగ్ ప్రెస్ వాడికి ఆ విషయం చెప్పకండి. అతనికి పాత తేదీయే చెప్పండి.

ఇక బాబాయి సంగతి. మీ ఉత్తరంలో ఆయన కొంచెం విలన్‌లా కనిపిస్తున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న. అంటే తాతయ్య పోయింది 1976లో. అప్పుడు బాబాయి బడిపిల్లాడు. స్కూలు ఫీజు, పుస్తకాలు, ఆయన వేసుకున్న చొక్కా, ఇవన్నీ ఆ గోనెపట్టా మీద నుంచి వచ్చినవే కదా. సాయంత్రం అమ్మ చేతులకి నూనె రాసుకోవడం రోజూ చూసి ఉంటారు. ఆ పిల్లాడు పెరిగి ఆఫీసరయ్యాడో, ఇంకేమయ్యాడో, ఇప్పుడు అరవై దాటిన మనిషి. ‘పరువు’ అని పైకి అంటున్నారు గానీ, లోపల ఉన్నది పరువేనా? మా అమ్మ నా కోసం అంత కష్టపడుతుంటే నేను చూస్తూ కూర్చున్నానే అన్న గుచ్చుకోవడం కూడా కావచ్చు. అందరి ముందూ వాదిస్తే ఆయన ఇంకా బిగుసుకుంటారు. ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళండి. ‘బాబాయ్, ఆ రోజుల గురించి నువ్వే పది లైన్లు రాసివ్వు, నాకేం తెలుసు’ అనండి. రాసిచ్చారా, పుస్తకంలో అంతకన్నా మంచి పేజీ ఉండదు. రాయనన్నారా, మీరు రాసింది అచ్చుకి ముందు ఆయనకి చదివి వినిపించండి. ‘కూలికి వెళ్ళింది’ అన్న మాట దగ్గర ముళ్ళు గుచ్చుకుంటుంటే మాట మార్చండి, సంగతి మార్చకండి.

అప్పటికీ వద్దంటే? ఇది మీ ఒక్కరి పుస్తకం కాదు, కొడుకు మాట కొట్టేసి వేయమని నేను చెప్పను. ఆ నాలుగైదేళ్ళు రాయకుండా వదిలేయండి. కానీ ఆ ఖాళీలో ‘భర్త మరణానంతరం దైవచింతనలో కాలం గడిపారు’ లాంటిది మాత్రం పెట్టకండి. అలాంటి వాక్యాలు ప్రెస్ వాళ్ళ దగ్గర రెడీగా ఉంటాయి, జాగ్రత్త. ఫ్లెక్సీ రాసే కుర్రాళ్ళకైతే ఫోన్లోనే సేవ్ చేసి ఉంటాయి.

అత్తతో గొడవ పడకండి. కూతురికి అమ్మ దేవతలా కనిపిస్తే కనిపించనివ్వండి. ఆవిడ చేత ఒక వంట రాయించండి. గుంటూరు ఇల్లు కదా, కొరివికారం పెట్టని నాయనమ్మ ఉండదు. పండుమిరపకాయలు ఎక్కడివి తెచ్చేది, తుడిచి ఎంతసేపు ఆరబెట్టేది, రోట్లో ఉప్పు, చింతపండు ఎప్పుడు వేసేది, మూడోనాడు జాడీ తీసి ఎవరి చేత రుచి చూపించేది. కొలతలు ఆవిడ చెప్పినట్టే సోలల్లో, గిద్దల్లో ఉంచండి, గ్రాముల్లోకి మార్చకండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని కింద ఒక్క లైను రాస్తే పిల్లలకి అర్థమవుతుంది. ఆ సోల గిన్నె ఇంకా అటక మీద ఉంటే దాని ఫోటో వేయండి. దేవత అనే మాట దానంతట అదే పక్కకి వెళ్ళిపోతుంది.

రికార్డు చేసుకోలేదన్న బాధ గురించి ఎక్కువ చెప్పను, మనలో ఎవరం చేసుకున్నాం కనుక. ఆ నలభై సెకన్లు మాత్రం ఇవాళే వాట్సాప్ లోంచి బయటికి తీసి, మీ మెయిల్‌కి పంపుకుని, ఇంకో ఇద్దరి దగ్గర ఉంచండి. ఫోను మారినప్పుడు మొదట పోయేవి అవే. అందులో ఆవిడ ఏమందో మీరు రాయలేదు. గ్యాస్ కట్టేశావా అనో, తిన్నావా అనో ఉంటుంది. అక్షరం పొల్లుపోకుండా రాసి పుస్తకం మొదటి పేజీలో వేయండి, వ్యాఖ్యానం అక్కర్లేదు. పాత ఫోటోలు ఆల్బం జిగురు పేజీకి అంటుకుపోయి ఉంటే పీకకండి, పొర లేచిపోతుంది. ఆల్బంతో సహా కిటికీ పక్కన పెట్టి ఫోన్‌తో ఫోటో తీయండి. విడిగా ఉన్నవాటి వెనక పేర్లు పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా కొన్నాళ్ళకి ముందువైపుకి దిగుతుంది.

ఇప్పుడు మీ అమ్మ.

మీ ఉత్తరంలో పెదనాన్న ఏమన్నారో ఉంది, బాబాయి ఏమన్నారో ఉంది, అత్త ఏమందో ఉంది. అమ్మ ఏమందో లేదు. వంటింట్లోకి వెళ్ళిపోయిందని మాత్రం ఉంది. ఆ వంటింట్లోనే కదమ్మా ఆ ఇద్దరూ 38 ఏళ్ళు ఉన్నది! కొడుకులు ఉద్యోగాలకి పోయారు, కూతురు అత్తారింటికి పోయింది, మీరు కాలేజీకి పోయారు. పొద్దున్న అయిదింటి నుంచి రాత్రి గిన్నెలు బోర్లించేదాకా మీ నాయనమ్మ పక్కన ఉన్న మనిషి ఒక్కతే. పడకపోతేనేం. పడనివాళ్ళకే ఎదుటి మనిషి గురించి ఎక్కువ తెలుస్తుంది. కోపమొస్తే ఏ గిన్నె చప్పుడవుతుందో, ఏ మాటకి మూడు రోజులు మూతి ముడుచుకుంటుందో, నిద్రలో ఎవరి పేరు పలవరిస్తుందో, ఇవి మీ పెదనాన్నకి తెలియవు. గోడౌన్ చూసింది ఆయన తరం. ఆ చేతులు ఇంట్లో ఏం చేసేవో చూసింది మీ అమ్మ. చివరి మూడేళ్ళు ఆ చేతుల గోళ్ళు తీసింది కూడా ఆవిడే అయి ఉంటుంది.

ఆవిడ ఎందుకు లేచి వెళ్ళిపోతోందో నాకు తెలిసినట్టు చెప్పను. కానీ ఒక్కసారి ఆవిడ వైపు నుంచి చూడండి. ఇల్లంతా ‘సహనశీలి’ అని పుస్తకం వేస్తోంది. నిజం చెబితే పోయినావిడ మీద చాడీ చెప్పినట్టు, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. మంచం పక్కన మూడేళ్ళు కూర్చున్నదాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనైనా వంటింట్లోకే వెళ్ళేదాన్ని.

అత్తాకోడళ్ళ గొడవలు రాయొచ్చా అని మీరు నేరుగా అడగలేదు గానీ, ‘ఏం వదిలేయాలి’ అన్నదాంట్లో అది ఉంది. ఆ గొడవలు మీవి కావు, మీ అమ్మవి. రాయమంటే రాయండి, వద్దంటే ఒక్క అక్షరం వద్దు. మంచంలో ఉన్న రోజుల వివరాలు కూడా అంతే. ఆ అవస్థంతా పుస్తకానికెక్కడం నాయనమ్మకి ఇష్టమై ఉండేదా అని ఆలోచించండి. ఎవరు చూసుకున్నారో మాత్రం రాయండి, ఒక్క వాక్యం చాలు. ‘కుటుంబ సభ్యుల సేవలందుకుంటూ’ అని గుంపులో కలిపేయకండి. ఎవరో ఆవిడ పేరు పెట్టి రాయండి.

అడిగే పద్ధతి ఒకటుంది. నోటు పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే మీ అమ్మ మళ్ళీ లేస్తుంది. ఫోన్ రికార్డింగ్ పెట్టి టేబుల్ మీద ఉంచితే అసలే మాట్లాడదు, చాటుగా పెట్టడం తప్పు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ నోట అసలు మాటలు బయటికి వచ్చింది ఎప్పుడూ చేతిలో పని ఉన్నప్పుడే, చూపు పని మీద ఉన్నప్పుడే. ఈ ఆదివారం బజారుకి మీరే వెళ్ళండి. గోంగూర నాలుగు కట్టలు తెండి, ఎర్రకాడ గోంగూర. నేల మీద పేపరు పరిచి, పళ్ళెం మధ్యలో పెట్టి, పక్కపక్కనే కూర్చుని ఆకు తుంచడం మొదలుపెట్టండి. నాలుగు కట్టలంటే తక్కువలో తక్కువ అరగంట పని. పుస్తకం మాట ఎత్తకండి. ‘నాయనమ్మ ఎలాంటి మనిషి’ అని అసలు అడగకండి, దానికి ‘మంచిదే’ అన్న జవాబు తప్ప ఏం వస్తుంది. కాసేపయ్యాక, ‘అమ్మా, నువ్వు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో గోంగూర పచ్చడి చేస్తే నాయనమ్మ ఏం వంక పెట్టింది?’ అని అడగండి.

ఆవిడ నవ్వినా సరే, విసుక్కున్నా సరే, మీరు మధ్యలో మాట్లాడకండి. ఆకు తుంచుతూ ఉండండి. కట్టలు అయిపోవస్తుంటే అప్పుడు మణికట్టు సంగతి అడగండి.